పంతొమ్మిది పిన్నుల తీగ

2013లో మా టీవీ కంపెనీ వాళ్లు నన్ను శ్రీకాకుళం సర్వీసు సెంటరుకి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. డబ్బా టీవీలు పోయి గోడకి తగిలించే ఎల్‌ఈడీలు ఇళ్లల్లోకి వస్తున్న రోజులవి. ఇరవై ఏళ్ల అనుభవం ఉంది కదా అని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. అది ఎలా దిగిందో చెబుతాను.

దీపావళికి ముందు నరసన్నపేట డీలరు ఒక కంప్లయింటు పంపాడు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో నూకమ్మ అనే ఆవిడ కొన్న కొత్త టీవీలో బొమ్మ రావడం లేదు. ఆవిడ భర్త గుజరాత్‌లో బోటు మీద పనికి వెళ్లాడు. అతను పంపిన డబ్బుతోనే ఆ టీవీ కొన్నారు.

వెళ్లి చూశాను. సెట్‌టాప్ బాక్సు నుంచి హెచ్‌డీఎంఐ తీగ పెడితే తెర మీద 'నో సిగ్నల్' అని వస్తోంది. అది పీకేసి పాతకాలపు మూడు రంగుల తీగలు పెడితే బొమ్మ శుభ్రంగా వస్తోంది. ఇంకేముంది, టీవీలో హెచ్‌డీఎంఐ పోర్టు పోయిందని తేల్చేశాను. సెట్టుని సెంటరుకి తెప్పించి, మెయిన్ బోర్డు మార్చి, నా బల్ల మీదున్న తీగతో పరీక్షించి పంపేశాను. ఇంట్లో బిగించిన రోజే మళ్లీ కంప్లయింటు!

ఈసారి డీలరు ఊరుకోలేదు. ఆవిడ టీవీ మీద నీళ్లు పోసి ఉంటుందనీ, జాబ్ షీటులో అదే రాసేయమనీ ఫోన్లో అన్నాడు. జాబ్ షీటంటే ప్రతి ఇంట్లో లోపమూ, కారణమూ రాసి సంతకం చేయించే కాగితం. అందులో 'నీటి వల్ల' అని పడితే వారంటీ అక్కడితో సరి.

డీలరు ఆ మాట ఆ ఇంట్లో కూడా అన్నట్టున్నాడు, గుమ్మంలో అడుగు పెట్టగానే నూకమ్మ ఎదురొచ్చింది.

"నీల్లు నాను పొయ్యనేదు బాబూ. నువ్వు కాయితం మీద అలాగ రాసీసినావంటే, మా ఆయనొచ్చీసరికి తప్పు నాదయిపోతాది."

మంచం మీద అత్తగారు కూర్చుని ఉంది. కోడలి మాట నమ్మాలో, డీలరు మాట నమ్మాలో నా కాగితం చూసి తేల్చుకునేలా ఉంది.

టీవీ వెనక్కి వంగి తీగ లాగి, దాని మూతిలోకి టార్చి వేశాను. లోపల ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ! ఇదేమిటమ్మా అన్నాను.

"కొత్త సామాను కదా, బొట్టెట్టినాను. బోటింజనుకీ ఎడతాం, వలకీ ఎడతాం. ఇది దీని మూతి కదా అని ఇక్కడే ఎట్టినాను" అంది, ఇందులో వింతేముందన్నట్టు.

ఆ మూతిలో పంతొమ్మిది పిన్నులుంటాయి. వాటి ద్వారా బాక్సూ టీవీ ముందు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి, ఆ తర్వాతే బొమ్మా, శబ్దమూ. పాత తీగల్లో పట్టు వదులైతే చుక్కలు చుక్కలుగానైనా బొమ్మ వచ్చేది. ఇందులో గుర్తుపట్టే పిన్నుకి పసుపు అడ్డుపడితే ఏమీ రాదు. మొదటిసారి మరో తీగ పెట్టి చూడాలన్న ఇంగితం నాకు లేకపోయింది. సిగ్గేసింది.

బోర్డులు తుడిచే స్పిరిట్టుతో, సన్నటి బ్రష్షుతో మూతి కడిగాను. ఆరనిచ్చి తీగ పెట్టాను. ఒక్క క్షణం తెర నల్లగా ఉంది. తర్వాత బొమ్మ, వెంటనే పాట.

"హమ్మయ్య, వచ్చీసినాది!" అని నూకమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది. నా గుండె మీంచి కూడా బరువు దిగింది.

"మరి బొట్టు తుడిసీసినాడేటే?" అంది అత్తగారు. ఈసారి పైన చట్రానికి పెట్టుకోమన్నాను. ముగ్గురమూ నవ్వాం.

జాబ్ షీటులో 'తీగ మూతిలో మురికి, శుభ్రం చేశాను. టీవీలో లోపం లేదు. నీటి జాడ లేదు' అని రాసి, అత్తగారికి కూడా వినపడేలా చదివాను. తీగ శుభ్రం చేసినంత మాత్రాన టీవీ వారంటీకి ఏమీ కాదు. కింద 'మొదటిసారి బోర్డు అనవసరంగా మార్చింది నేనే' అని కూడా రాశాను. దానికి ఏరియా మేనేజరు పెట్టిన చీవాట్లు కూడా తిన్నాను.

రిటైరయ్యేదాకా మళ్లీ ఎప్పుడూ నా తీగ ఒక్కదానితో పరీక్షించి సెట్టు పంపలేదు. ఇంట్లోవాళ్ల తీగ కూడా తెప్పించేవాణ్ని. కొత్త టీవీ అయితే బొట్టు ఎక్కడ పెట్టారని ముందే అడిగేవాణ్ని. ఆ రోజు బండెక్కుతుంటే నూకమ్మ ఒక మాట అంది.

"మొదటిసారొచ్చినప్పుడే అడిగుంటే సెప్పుదును కదా బాబూ."

నిజమే. నేను అడగలేదు.