అమ్మ మానేసిన వెన్నపండు సలాడ్

మా చిన్నప్పుడు, రాయగడలో ఒక ఆదివారం... చర్చిలో ఆరాధన అయి రాగానే అమ్మ డాక్టరమ్మ గారి వంటింట్లో ఉల్లిపాయ చక్రాలు కోస్తోంది. పక్కన నేను నిమ్మకాయలు పిండుతున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

అమ్మ అక్కడి మిషన్ ఆస్పత్రిలో నర్సు. పన్నెండేళ్ల సర్వీసు. ఆ ఆస్పత్రికి పెద్దైన డాక్టరమ్మ గారు అమెరికా మనిషి, చిన్నతనమంతా క్యూబాలో గడిచిందట. ఆవిడ పెరట్లో వెన్నపండు చెట్టుండేది... ఇప్పుడు అవకాడో అంటున్నారే, అదే.

క్యూబావాళ్ల సలాడ్ అమ్మకు నేర్పింది ఆవిడే. పండు ముక్కలు పళ్లెంలో పరిచి, పైన ఉప్పునీళ్లలో నానిన ఉల్లిచక్రాలు, నిమ్మరసం, ఉప్పు, చెంచాడు నూనె... అంతే. ఆలివ్ నూనె మాకెక్కడిది? వేరుశెనగ నూనే.

"బేగి పిండమ్మీ, పండు నల్లబడిపోద్ది" అంది అమ్మ.

ఆ రోజు విదేశీ అతిథులు వచ్చారు. కాస్త సాయానికి రమ్మంటే, తమతో పాటు కూర్చోబెడతారనుకుంది అమ్మ. క్రిస్మస్‌కి కొన్న చీర కట్టుకుంది. నాకు ఇస్త్రీ గౌను వేసింది.

పళ్లెం ఖాళీ అయింది. ఒక దొరసాని మెచ్చుకుని, ఎవరు చేశారని అడిగింది.

"మా కుక్" అన్నారు డాక్టరమ్మ గారు, అమ్మ వైపు చూడకుండానే.

అమ్మ గ్లాసులన్నిట్లో నీళ్లు నింపింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వెనక గుమ్మంలోంచి ఇంటికి తీసుకొచ్చేసింది. మేము తిన్నామా అని ఎవరూ అడగలేదు...

మరుసటి నెల మళ్లీ కబురొచ్చింది. అమ్మ యూనిఫాంలోనే వెళ్లింది, వెంట నేను.

"నేను నర్సునండి. వంటకి వంటమనిషిని పిలిపించుకోండి."

అమ్మ తల దించలేదు. డాక్టరమ్మ గారు నవ్వి, అలాగే అన్నారు.

రెండు వారాలకే అమ్మను దూరంగా లక్ష్మీపూర్ వైపు ఒక చిన్న డిస్పెన్సరీకి బదిలీ చేశారు. నాన్న ఉద్యోగం, నా బడి రాయగడలో. నెలకోసారి వచ్చేది అమ్మ. వచ్చినప్పుడల్లా నాన్నది ఒకటే మాట...

"ఓ పూట వండేస్తే ఏటైపోద్ది? నోరు మూసుకోలేకపోనావా?"

మూడేళ్లు అలాగే గడిచాయి. నేను పెద్దమనిషినైన రోజున కూడా అమ్మ దగ్గర లేదు. ఆ కోపంతో, నువ్వే మమ్మల్ని వదిలి పోయావని ముఖం మీదే అనేశాను.

ఆ సలాడ్ అమ్మ మళ్లీ ఎప్పుడూ చేయలేదు.

ఇప్పుడు ఆ పండు బజార్లో కుప్పలుగా దొరుకుతోంది. ఆ రోజు అమ్మ అన్నది న్యాయమేనని నాకు తెలిసొచ్చేసరికి, చెబుదామంటే అమ్మ లేదు...

మీ అమ్మ కూడా ఉన్నట్టుండి మానేసిన వంట ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి. ఆవిడ ఇంకా ఉంటే మాత్రం... ముందు వెళ్లి ఎందుకు మానేసిందో అడగండి.