ఆమె చేతుల మీది దద్దుర్లు

నాలుగేళ్ల కిందట వెల్దుర్తి దగ్గర మా చేలో మిరప కోత జరుగుతోంది. కూలికి వచ్చిన సుబ్బులు చేతులు చూపించింది. మోచేతుల దాకా దద్దుర్లు.

"కాయ తగిలితే లేస్తన్నయ్ అన్నా," అంది.

"పని ఎగ్గొట్టటానికి దూలగొండి రుద్దుకున్నావా ఏందే?" అన్నాను. కోతలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ మాట ఊరంతా పాకింది. తర్వాత పత్తి తీయడానికి కూడా ఆమెను ఎవరూ పిలవలేదు.

మొన్న కూలీలు చాలక నా భార్య కోతకు దిగింది. గంటలో అవే దద్దుర్లు. కొందరికి మిరపకాయ ఒంటికి తగిలితే చాలు, ఇలా వస్తుందని మాచర్ల డాక్టరు చెప్పారు.

సుబ్బులు ఇంటికి వెళ్లి, తప్పయిందన్నాను.

"నేను అబద్ధమాడలేదని నాకు తెలుసు అన్నా. తెలియంది ఊరికి," అంది, నా వైపు చూడకుండా.

ఈ పత్రిక మా ఊళ్లోనూ చదువుతారు. అందుకే రాస్తున్నాను. ఆ రోజు ఆమె చెప్పింది నిజం.