మొదటి దెబ్బ ఒగ్గేసినోడు

మొన్న కాశీబుగ్గలో టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. వెనక వీధి నుంచి జీడిపిక్కలు కాల్చే ఘాటు వాసన వస్తోంది. బల్లకి అటు చివర కూర్చున్న కుర్రాడు ఫోనులో ఏదో పాట పెట్టాడు. ఆ భాష నాకు రాదు. కానీ డ్రమ్ము వినగానే చేతిలో గ్లాసులోని టీ ఒలికిపోయింది. నాలుగు దెబ్బల వరసలో మొదటి దెబ్బ లేదు. రెండోదీ లేదు. మూడో దాని దగ్గర మాత్రం, ఎవరో నేల లోపలి నుంచి తలుపు తట్టినట్టు, ఒక్కటి పడింది. ఇదేం సంగీతం బాబూ అని అడిగాను. "రెగె అంటారు తాతా. జమైకా అని ఓ దీవుంది, ఆళ్ళది," అన్నాడు. ఆ దరువుతో సగం బతుకు గడిపినవాణ్ణి, దాని పేరు తెలియడానికి ముసలితనం రావలసి వచ్చింది. దానయ్య మావ దాన్ని 'దీవోళ్ళ దరువు' అనేవాడు, అంతే.

దానయ్య మావది భావనపాడు. కుర్రతనంలోనే ఓడలెక్కి, ఏళ్ళ తరబడి ఇంజన్ గదిలో పనిచేసి, అరవైల చివర తిరిగొచ్చి పలాసలో పెళ్ళిళ్ళ బ్యాండు పెట్టాడు. పెద్ద డ్రమ్ము ఆయనది, చిన్న డ్రమ్ము నాది. నాకు ఆయన చుట్టం కాదు. అయినా నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఓడలెక్కి వచ్చిన పొగరు అనుకునేవాళ్ళం. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడాలి. "మొకం సూసి మాటాడు," అనేవాడు. ఊరేగింపులో కూడా అందరికంటే ముందు తనే నడిచేవాడు. ఆయన దెబ్బని పట్టుకుని మేము వెనక వాయించేవాళ్ళం.

ఓడలో తనతో పనిచేసిన దీవి మనిషి ఇచ్చాడని కొన్ని రికార్డులు తెచ్చుకున్నాడు. వాటి మీద పేరూ ఊరూ లేవు, తెల్ల కాగితం అంటించి ఉండేది. స్పీకరు బిగించిన పెద్ద చెక్కపెట్టె మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. మొదటిసారి విన్నప్పుడు నేను నిర్ఘాంతపోయాను. మా మేళంలో మొదటి దెబ్బ పడకపోతే పెళ్ళికొడుకు కూడా తిరిగి చూస్తాడు.

"మావా, ఈడెవడో తాళం తప్పాడు," అన్నాను ఆయన మొహం ముందుకు వెళ్ళి.

"తప్పలేదురా. కావాలనే ఒగ్గేసినాడు."

వాయించినవాళ్ళ పేర్లు తెలియవు కాబట్టి వాళ్ళకి ఆయనే పేర్లు పెట్టాడు. ఒకడు ఒగ్గేసినోడు. ఇంకొకడు పిక్కోడు. వాడు డ్రమ్ము అంచు మీద పుల్లతో టక్కుమనిపిస్తాడు, జీడిపిక్క పగిలినట్టు. పాట మొదలవకముందే గబగబా ఓ దరువు దొర్లించి మరీ దిగుతాడు. మూడోవాడు సేతులోడు. వాడికి పుల్లలే లేవు, తోలు మీద అరచేత్తో రెండేసి దెబ్బలు వేసి ఊరుకుంటాడు. నాకు పిక్కోడంటే పిచ్చి.

"ఆడికి ఊపిరాడదు అల్లుడూ," అనేవాడు మావ. "కాళీ కనిపిత్తే సాలు, ఏదోటి కూరెత్తాడు. అచ్చం నీలాగే. సేతులోడు నిదానం, ముసిలోళ్ళ నడక. ఒగ్గేసినోడు సూడు, ఓ అడుగు కాళీగా ఉంచుతాడు. అందులో ఎవుడి అడుగు ఆడేసుకోవాల."

పిక్కోడు వేలికొసలకి తగులుతాడనీ, ఒగ్గేసినోడు అరచేతి నడుమ తగులుతాడనీ అనేవాడు. అది ఆయన మాట తీరు అనుకున్నాను. పాడేవాడి గొంతు గురించి ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అదీ నాకు తట్టలేదు.

సంతబొమ్మాళి వైపు ఒక పల్లెలో పెళ్ళి. సాయంత్రం ఊరేగింపు. దారిలో చావు జరిగిన ఇల్లుంటే మేళం ఆపి, ఆ ఇల్లు దాటేదాకా చప్పుడు లేకుండా నడవడం మా పద్ధతి. మామూలుగా ముందే కబురొస్తుంది. ఆ రోజు మేము వీధిలో ఉండగానే ఒక పెద్దాయన ప్రాణం పోయింది. ఇంట్లోంచి ఒక్కసారిగా ఏడుపు లేచింది. క్లారినెట్ ఆగింది, తాళాలు ఆగాయి, నేనూ ఆపేశాను. పెద్ద డ్రమ్ము ఆగలేదు. ముందు నడుస్తున్న మావ వెనక్కి చూడకుండా, ఆ గుమ్మం ఎదురుగా ధమ్ ధమ్ అని కొడుతూనే ఉన్నాడు. ఈయనకి పిచ్చెక్కిందా అనుకున్నాను. ఎదురుగా వెళ్ళి ఆపాలని తోచలేదు.

ఇంట్లోంచి మగవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకాయన డ్రమ్ము పట్టీ పట్టుకుని గుంజాడు. అప్పుడు మావ వెనక్కి తిరిగి, పుల్లలు దించుకుని నిలబడ్డ మమ్మల్ని చూశాడు. తర్వాత గుమ్మంలో జుట్టు విరబోసుకున్న ఆడవాళ్ళని చూశాడు. అప్పటి మావ మొహం ఇప్పటికీ నాకు కలల్లోకి వస్తుంది.

"పీనుగ కాడ పెళ్ళి బాజాలేటి? సెవుల్లేవేటి నీకు?" అని పట్టీ గుంజినాయన తన చెవులు చూపిస్తూ అరిచాడు.

"లేవు బాబూ," అన్నాడు మావ. "రెండూ పోనాయి. ఓడ ఇంజనే తినేసింది."

కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ నాకు తాళం నేర్పినవాడు, ముగ్గురు డ్రమ్మువాళ్ళని ముప్పై రకాలుగా విడదీసి చెప్పినవాడు, చెవిటివాడు.

మేము పలాస చేరేలోపే కబురు చేరింది. "సెవిటోడి ముందు శంకం ఊదడం విన్నాం గానీ, సెవిటోడే బాజా వాయించడం ఇప్పుడే సూత్తన్నాం," అని నవ్వారు. కుదిరిన పెళ్ళిళ్ళు తప్పిపోయాయి. మావ పెద్ద డ్రమ్ము తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇకన నువ్వే కొట్టు అల్లుడూ. నాను ఇంటికాడుంటాను."

"ముందే ఎందుకు సెప్పలేదు?" నాకు ఒళ్ళు మండిపోయింది.

"సెప్తే ఎవుడు పిలుత్తాడు?"

ఆ బ్యాండు తప్ప ఆయనకి మరో బతుకు లేదు. నేను ఒగ్గేసినోడి రికార్డు పెట్టాను. డ్రమ్ము ఎత్తి మావ మెడలో వేశాను. వెనక్కి వెళ్ళి ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించాను. కొట్టమన్నట్టు నొక్కితే కొట్టాడు. చెయ్యి తీశాను. పుల్ల గాలిలోనే ఆగిపోయింది. ఆయన తిరిగి నా మొహం చూసి తలూపాడు.

చిన్న డ్రమ్ము వేరేవాడికి ఇచ్చేశాను. ఖాళీ కనబడితే కూరేసే నేను, ఏమీ వాయించకుండా, ఆయన వీపు మీద చెయ్యేసి ఉద్దానం ఊళ్ళన్నీ నడిచాను. మొదటి పెళ్ళి మా మేనమామ కూతురిది, కాదనలేక పిలిచారు. ఆ రోజూ దారిలో ఒక ఇంట్లో ఏడుపు వినబడింది. చెయ్యి తీశాను. మేళమంతటిలోకీ ముందు ఆగింది మావ డ్రమ్మే. ఆ తర్వాత మమ్మల్ని ఎవరూ వద్దనలేదు. ఆయన పోయేదాకా అలాగే నడిచాం.

టీ కొట్టులో పాట సాగుతూనే ఉంది. మూడో దెబ్బ పడుతోంది, మొదటిది ఖాళీగా పోతోంది. చూసుకుంటే నా కుడి చెయ్యి బల్ల మీంచి లేచి, వీపంత ఎత్తున ముందుకు చాచి ఉంది.

"ఏటి తాతా, ఏటి కావాల?" అన్నాడు కుర్రాడు.

ఏమీ వద్దన్నాను. చెయ్యి మాత్రం దించలేకపోయాను. దించితే మావ ఆగిపోతాడు.