రంగు తగలని రాయి

మొన్న ఆదివారం పొద్దున ఖిల్లా వైపు నడుస్తుంటే పచ్చి ఎనామిల్ రంగు వాసన గుప్పుమంది. దగ్గర్లో ఏ గుడికో దర్గాకో కొత్త రంగు పడుతోందన్నమాట. మా ఖమ్మంలో ఈ వాసన వచ్చిందంటే ఉత్సవం దగ్గరపడిందని జనానికి సంబరం. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. నా వెనక పదిమంది దాకా కెమెరాలు మెడలో వేసుకుని నడుస్తున్నారు. ఊళ్లోని పాత గుళ్లు, మసీదులు, చర్చి చూపిస్తూ ఫొటోలు తీయించే నడక అది. దాన్ని మొదలుపెట్టింది నేను కాదు, మస్తాన్ సాబ్. నాకు పని నేర్పిన మనిషి, నా ఓపికను పరీక్షించిన మనిషి కూడా ఆయనే. పోయి కొన్నేళ్లయింది. ఇప్పటికీ ఆయన్ను తలుచుకుంటే ముందు విసుగు వస్తుంది, ప్రేమ ఆ తర్వాత నింపాదిగా వస్తుంది.

మస్తాన్ సాబ్‌కు బజారులో ఫొటో స్టూడియో ఉండేది. వాళ్ల నాన్న పెట్టిన దుకాణం. నలుపు తెలుపు ఫొటోలకు దూదితో, సన్న కుంచెతో రంగులద్దడంలో ఆ పెద్దాయనది అందెవేసిన చేయి అని ఊళ్లో చెప్పుకునేవారు. పెళ్లికూతురి పెదాలకు ఎరుపు, చీర అంచుకు బంగారు రంగు. సాబ్ కూడా చిన్నతనంలో ఆ పని నేర్చుకున్నవారే. నేను డిగ్రీ ముగించి తల్లాడ నుంచి వచ్చి అక్కడ చేరేనాటికి అంతా కంప్యూటరే. పెళ్లి ఆల్బమ్‌లు చేయడం నా పని. మొటిమలు తీసేయాలి, చామనచాయ పిల్లను తెల్లగా చేయాలి, పందిట్లో ఆవులిస్తున్న మేనమామను మాయం చేయాలి. వారమంతా నాతో ఈ అబద్ధాలన్నీ చేయించి, ఆదివారం రాగానే మాత్రం ఆయన నిజం తప్ప మరోటి ఒప్పుకునేవారు కాదు.

ఆ నడకలో ఆయనది ఒకటే పట్టు. చోటు ఎలా ఉంటే అలాగే తీయాలి. దేన్నీ జరపకూడదు, తర్వాత దేన్నీ చెరపకూడదు. వినడానికి బాగానే ఉంటుంది, చేసేవాళ్లకు తెలుస్తుంది. ఖిల్లా కింద పాత మసీదు కమాను ఎంతో ఒద్దికగా వంపు తిరిగి ఉంటుంది, దాని నడిమధ్యన నీళ్ల డ్రమ్ము. గుడి మండపంలో చెక్కిన స్తంభాలు, వాటికి చుట్టిన సీరియల్ లైట్లు, వాటి పైన మైకు. చర్చి ముఖానికి అడ్డంగా రేకుల పందిరి. ఎవరో దాత ఇచ్చిన స్టీలు కడ్డీ, దాని మీద దాత పేరు, దాత తాత పేరు, ఎర్ర అక్షరాల్లో. ఒకసారి శివాలయం గడప దగ్గర ఆకుపచ్చ ప్లాస్టిక్ బకెట్ కనబడితే కాలితో కాస్త పక్కకు నెట్టబోయాను.

"ఆగు బిడ్డా. దాని జాగల దాన్ని ఉండనీ" అన్నారు సాబ్.

"అంత మంచి గడప ముందల బకెట్ ఏంది సాబ్? ఎవరు చూస్తరు?"

"బకెట్ లేకుంటే గడప ఎట్ల కడుగుతరు? తీయి, గట్లనే తీయి."

పళ్లు నూరుకుంటూ తీశాను. భద్రాచలం వెళ్లినప్పుడూ అంతే. గోదావరి వంతెన దగ్గర నిలబడి అవతలి ఒడ్డు తీస్తుంటే, సారపాక కాగితం మిల్లుకు వెదురు తీసుకెళ్లే లారీ సరిగ్గా అడ్డం వచ్చి ఆగింది. అది కదిలేదాకా ఆగుదామని నేను కెమెరా దించాను. "అవ్, లారీ గూడ ఉండనీ, దానికేం పాపం" అన్నారు. ఆ ఫొటోలో లారీ ఉంది, వెదురు ఉంది, గోదావరి మాత్రం వెతుక్కోవాలి.

ఇంకో బాధ, చాయ్. పొద్దుటి ఏటవాలు ఎండ రాతి మీద నిలిచేది కాసేపే. ఆ కాసేపట్లోనే సాబ్ పూజారి మోకాలి నొప్పి గురించో, దర్గా చూసుకునే ముజావర్ గారి మనవరాలి చదువు గురించో అడుగుతూ అరుగు మీద కూలబడేవారు. నేను స్టాండు వేసుకుని, ఎండ జారిపోతుంటే చూస్తూ నిలబడేదాన్ని. "జల్దీ రండి సాబ్, ఎండ పోతాంది" అంటే, "పోతే పోనీ. మళ్ల ఆదివారం రాదా? నువ్వు గూడ వచ్చి చాయ్ తాగు" అనేవారు. మళ్లీ ఆదివారం మబ్బు పట్టేది. ఆయన చాయ్ మాత్రం ఆగేది కాదు. ఆ చాయ్‌ల వల్లే ఊళ్లో మాకు తెరుచుకోని తలుపు లేదని నాకు తెలుసు. తెలిసీ విసుక్కునేదాన్ని.

సాబ్ ప్రాణమంతా ఆ శివాలయం ద్వారపాలకుల మీద ఉండేది. గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడ్డ నల్లరాతి విగ్రహాలు. ఊళ్లో తక్కిన పాత రాయంతా మా కళ్ల ముందే ఒక్కొక్కటిగా కనబడకుండా పోయింది. స్తంభాలకు వెండి రంగు, గోడలకు బాత్రూము టైల్సు, గుమ్మటానికి నిగనిగలాడే పచ్చ పెయింటు. అన్నీ భక్తితో చేసినవే, ఎవర్ని తిడతాం? రంగు తగలకుండా మిగిలింది ఆ ఇద్దరే. మా నడక ఎప్పుడూ అక్కడే ముగిసేది. సాబ్ చెప్పులు విడిచి మెట్టు దగ్గర నిలబడి, ఉలి పడ్డ జాడలు ఎండలో తేలడం చూస్తూ, "వీళ్లనన్న మిగలనీ" అనేవారు. ఎవరితో అనేవారో నాకు తెలియదు.

ఆ గుడి కమిటీ చైర్మన్ పుల్లారావు గారు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి వేంసూరు వైపు భూములు కొనుక్కున్న రైతులు. మంచి మనిషి. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో తమ గుడి దగ్గర కూడా ఆగాలని ఆయన కోరిక. అందుకోసం క్యాలెండరు వేయిస్తానని సాబ్‌ను ఫొటోలు అడిగారు. సాబ్ మా ఆదివారం ఫొటోలు తీసుకెళ్లి ఆయన ముందు పరిచారు. పుల్లారావు గారు ఒక్కొక్కటీ చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏమండీ సాయిబు గారూ, ఇదేంటండీ, బకెట్టు? ఈ వైర్లేంటి? వీళ్లసలు కనబడట్లేదండీ, ఇంత నల్లగా!"

"రాయి నల్లగనే ఉంటది గద పుల్లారావు గారూ."

"రాయి ఉంటే ఉందండీ. ఫొటోలోనన్నా కాస్త కళ ఉండాలి కదా."

క్యాలెండరు పని వేరే స్టూడియోకు పోయింది. సాబ్ మొహం చిన్నబోయింది. ఇన్నేళ్లు కలిసి చాయ్ తాగిన మనిషి కాదన్నారు మరి. అప్పుడు సాబ్ చేసిన పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ద్వారపాలకుల నలుపు తెలుపు ప్రింటు పెద్దది ఒకటి వేయించి, అటక మీది నుంచి వాళ్ల నాన్న రంగుల పెట్టె దించి, కుంచె పట్టారు. కొన్నాళ్లు మధ్యాహ్నాలు దుకాణం నాకు వదిలేసి దాంతోనే కూర్చున్నారు. ఒళ్లు గులాబీ రంగు, పంచె నీలం, నగలు పసుపు, పెదాలు ఎరుపు. మా ఆల్బమ్‌లలోని పెళ్లికొడుకుల్లా తయారయ్యారు ఇద్దరూ.

"ఉన్నది ఉన్నట్టు అన్నరు గద సాబ్. ఇదేంది మరి?" అన్నాను.

"ఇది ఫొటో కాదు బిడ్డా, బహుమానం. పెద్దమనిషి మనసు కష్టపెట్టిన. రాయికేమైతది, కాయితం మీది రంగే గద" అన్నారు తల ఎత్తకుండా.

పని బ్రహ్మాండంగా వచ్చింది, కాదనను. చాలా ఏళ్లకు కుంచె పట్టిన ఆనందం ఆయన మొహంలో దాగలేదు. ఫ్రేము కట్టించి, తానే మోసుకెళ్లి ఇచ్చి వచ్చారు.

శివరాత్రికి ముందు పుల్లారావు గారి నుంచి కబురు వచ్చింది, గుళ్లో సాబ్‌కు సన్మానం, తప్పకుండా రావాలని. ఇద్దరం వెళ్లాం. గుమ్మం దగ్గరికి వెళ్లి చూశాం. నల్లరాయి లేదు. గులాబీ రంగు ఒళ్లు, నీలం పంచెలు, పసుపు నగలు, ఎర్ర పెదాలు. సాబ్ ఇచ్చిన ఫ్రేము పాలిథిన్ కవరులో పక్క స్తంభానికి వేలాడుతోంది, మీద రంగు చుక్కలు పడి ఉన్నాయి. పెయింటరు దాన్ని చూసుకుంటూ వేశాడు.

"చూశారా సాయిబు గారూ! మీ ఫొటో చూశాకే తెలిసిందండీ, మావాళ్లు ఇంత అందగాళ్లని. మీరు వేసిన రంగు ఒక్కటి కూడా మార్చనివ్వలేదండీ నేను" అన్నారు పుల్లారావు గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన అయితే తిట్టుకుందును, కాదు కదా. సాబ్‌కు శాలువా కప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. సాబ్ చేతులు జోడించి, "మంచిది" అని ఒక్క మాట అన్నారు.

జనం ప్రసాదం కోసం అటు కదిలాక ఉండబట్టలేకపోయాను.

"చెప్పరేంది సాబ్? గిట్ల కాదని చెప్పండి, గీకిస్తరు."

"గీకితే ముక్కులు పోతయి. కెమెరా తీయి."

"దీన్ని తీయాల్నా?"

"దీన్నే. నేను గూడ పడాలె. చేసినోడు లేకుంటే ఫొటో అబద్ధమైతది" అని వెళ్లి ఎడమవైపు విగ్రహం పక్కన నిలబడ్డారు.

"శాలువానన్నా తీసెయ్యండి సాబ్."

"ఎందుకు? కప్పించుకున్న గద."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కళ్లు తుడుచుకుని తీశాను. వైర్లతో, వేలాడుతున్న ఫ్రేముతో, శాలువాతో, ఆయన మొహం ఎలా ఉందో అలాగే.

సాబ్ పోయాక సంతాప సభకు పెద్ద ఫొటో కావాలని వాళ్లబ్బాయి వచ్చాడు. శాలువాతో ఉన్నది బాగుందక్కా, వెనకాల ఆ రంగు బొమ్మలు మాత్రం కనబడకుండా చేసి ఇవ్వు అన్నాడు. తండ్రి పేరు చెడకూడదని వాడి తాపత్రయం, అర్థం చేసుకోగలను. నాకు చిటికెలో పని. వాడు ఎంత బతిమాలినా చేయలేదు. ముక్క కత్తిరించకుండా అలాగే ప్రింటు వేసి ఇచ్చాను. నెలరోజులు వాడు నాతో మాట్లాడలేదు.

మొన్న ఆదివారం ఆ గుమ్మం చేరేసరికి, హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ ద్వారపాలకుల్ని చూసి తల పట్టుకుంది.

"ఛ! ఎవడండీ, ఇంత మంచి రాయిని పాడుచేసిన మూర్ఖుడు?"

ప్రతి నడకలో ఎవరో ఒకరు అడిగేదే. కమిటీ వాళ్లని అనొచ్చు, ఎవరో పెయింటరు అని దాటేయొచ్చు. ఎవరూ కాదనరు. ప్రతిసారీ నాలుక చివర దాకా వస్తుంది ఆ అబద్ధం.

"మస్తాన్ సాబ్ అని, నాకు పని నేర్పినాయన" అన్నాను.

ఆవిడ నాలుక్కరుచుకుని, "అయ్యో, సారీ అండీ" అంది.

"సారీ ఎందుకమ్మా? ఆయనుంటే మీకంటే ముందు ఆయనే ఆ మాట అనేవారు" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను, కసురుకున్నట్టు వచ్చింది.