గాయని సమాధి ముందు నా పద్యం

మహా ఒపేరా గాయని సమాధి ముందు పద్యం పాడి మెప్పించిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. నేను రాగం ఎత్తుకోగానే శ్మశానంలో ఉన్న తెల్లవాళ్లంతా టోపీలు తీసి నిలబడ్డారు. చెట్ల మీద పిట్టలు కూడా నోరు మూసుకున్నాయి. ఇవాళ పొద్దున మెల్‌బోర్న్ క్లేటన్‌లో మా వంటింటి రేడియో ఆ గాయని పాత రికార్డు వేసింది. మా అమ్మాయి కాఫీ కలుపుతూ, "నాన్నా, మీ ఫ్రెండే పాడుతోంది!" అని నవ్వింది. అప్పటినుంచి నా మనసు ఆ శ్మశానం కొండవాలు మీదే తిరుగుతోంది.

ఆవిడ ఎన్నో దేశాల్లో పాడి వచ్చి, మెల్‌బోర్న్ శివార్లలో, రైలు ఇక ముందుకు పోని ఊళ్లో నిద్రపోతోంది. లైబ్రరీ పుస్తకంలో ఆ సంగతి కనిపెట్టి నేను ముందుగా చెప్పుకున్నది మా వియ్యంకుడికి. సిడ్నీలో రౌస్ హిల్‌లో ఉండే తన పెద్దకొడుకు ఇంటినుంచి వచ్చి, ఆయన ఆ చలికాలమంతా మాతోనే ఉన్నారు. ఇద్దరికీ పౌరాణిక నాటకాల పిచ్చి. వయసులో ఉండగా గుంటూరు జిల్లా పందిళ్లలో రాజు వేషాలు కట్టినవాణ్ణి నేను. ముందు వరసలో కూచుని "వన్స్ మోర్!" అని అరిచే జాతి ఆయన. మన నాటకాల సంగతి తెలిసిందే కదా, కథలో రాజు చచ్చిపోయినా సరే, జనం వన్స్ మోర్ అన్నారంటే లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే. ఇక్కడ మా ఇంటికి నలుగురు భోజనానికి వచ్చినా నేను పద్యం అందుకోవడం, ఆయన వన్స్ మోర్ అనడం ఆనవాయితీ. "చలి తగ్గనివ్వండి బావగారూ, ఇద్దరం వెళ్దాం. నేను ఫోన్లో శ్రుతి వేస్తా, మీరు పాడుదురు గాని" అన్నారాయన. ఆ మాట పట్టుకుని నేను కారు షెడ్డులో తలుపేసుకుని సాధన మొదలుపెట్టాను.

చలి తగ్గింది. ఒక పొద్దున నేను కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరుతుంటే, "మోకాలు పీకేస్తోంది, కాసేపు పడుకుంటా" అన్నారాయన. సాయంత్రం మా పెద్దవాళ్ల వాట్సాప్ గ్రూపులో వీడియో వచ్చింది. చూద్దును కదా, గాయని సమాధి! దాని ముందు మా వియ్యంకుడు, ఆ మోకాళ్ల మీదే నిటారుగా నిలబడి, నా పద్యాన్ని నా విరుపులతోనే పాడేస్తున్నారు! గ్రూపు విహారయాత్ర బస్సు దిగిన మనవాళ్లంతా చుట్టూ మూగి "వన్స్ మోర్!" అంటున్నారు. శ్మశానంలో వన్స్ మోర్ ఏమిటని ఒక్కరికీ తోచలేదు. ఆయన మళ్లీ పాడారు కూడానూ.

"ఏమండీ బావగారూ, మోకాలు నెమ్మదించిందా?" అన్నాను రాత్రి భోజనాల దగ్గర. "బస్సులో ఒక్క సీటే ఉందన్నారు బావగారూ..." అని ఆయన చూపు పప్పుగిన్నెలోకి దించేసుకున్నారు. ఈ దేశంలో నాకు పొద్దుపుచ్చే మనిషి ఆయనొక్కరే. ఆయనతో మాట మానేస్తే నాకు మిగిలేది టీవీ. అయినా మానేశాను. ఆవకాయ అందించమనాలన్నా మనవరాలితో చెప్పించేవాణ్ణి. "తాతా, హీ ఈజ్ రైట్ దేర్!" అని విసుక్కునేది ఆ పిల్ల.

వారం తిరక్కుండా మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని, రైళ్లు మారి, నేనూ వెళ్లాను. మొదట చెప్పినదాన్ని ఇక్కడ కాస్త సవరించుకోవాలి. టోపీ తీసింది ఒక్కడే, గడ్డి కోసే మనిషి, అదీ చెమట తుడుచుకోవడానికి. పిట్టలు నోరు మూసుకోలేదు సరికదా, ఇక్కడి మాగ్‌పైలు గూళ్లు కట్టే కాలంలో దగ్గరికెళితే నెత్తిన పొడుస్తాయి. వాటిలో ఒకదానికి నా బట్టతల నచ్చింది. మా ఆవిడ గొడుగు పట్టింది. ఆ గొడుగు కింద రాగం ఎత్తుకున్నాను. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు చీలిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాను, ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. పక్క సమాధికి పూలు తెచ్చిన ముసలమ్మ నా భుజం మీద చెయ్యేసి, "ఆర్ యూ ఆల్ రైట్, డార్లింగ్?" అంది. ఏడుస్తున్నాననుకుంది పాపం. అప్పటికి ఏడవడం లేదు, ఆవిడ అడిగాక ఏడ్చాను.

వియ్యంకుడు సిడ్నీ వెళ్లిపోయిన రోజున నేను గదిలోంచి బయటికి రాలేదు. ఆ గాయని గొంతు మాత్రం ఇవాళ రేడియోలో ఇంకా పడుచుగానే ఉంది. ఇదంతా రాసి, మిత్రుడూ గొంతూ ఒక్క వారంలోనే నాకు ద్రోహం చేశాయి, కాలం ఎంత నిర్దయమైనదో అని ముగించి, చిక్కుడుకాయలు బాగుచేస్తున్న మా ఆవిడకు చదివి వినిపించాను.

"ఆ ఆఖరి ముక్క కొట్టేయండి" అంది తలెత్తకుండా. "బస్సులో సీట్లు బోలెడు ఖాళీ. పదిమందిలో మీరు నవ్వులపాలవడం చూడలేక అన్నయ్యగారు చెప్పకుండా పోయారు. మీ గొంతు ఆ వారం పోలేదండీ, మనం ఈ దేశం రాకముందే పోయింది. ఇంట్లో అందరికీ తెలుసు, మీకు తప్ప."