గోతిలో పెట్టిన ఎండుచేప

మాది ఉద్దానంలో బారువ వైపు ఓ చిన్న ఊరు. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా కుక్క భీముడికి పద్నాలుగేళ్లు. మా జీడితోటకు కాపలా వాడే. ఒక ఉదయం పశువులశాలలో కదలకుండా పడి ఉన్నాడు. పిలిచినా, తట్టినా లేవలేదు. నాన్న వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, "పోనాడే అమ్మీ" అని మొహం తిప్పుకున్నారు.

తోటలో గొయ్యి తవ్వారు. చుట్టుపక్కలవాళ్లంతా వచ్చారు. భీముణ్ణి గోనెసంచిలో చుట్టి గోతిలోకి దించాక, "కాళీ కడుపుతో ఎలా పంపిత్తామయ్యా?" అంటూ అమ్మ వాడికి ప్రాణమైన ఎండుచేపను నిప్పుల మీద కాల్చి తెచ్చి, సంచి పక్కన పెట్టింది. మట్టి వేయడానికి నాన్న పార ఎత్తారు.

సంచి కదిలింది!

"ఓలమ్మో!" అంటూ అమ్మ నా మీద పడింది. వచ్చినవాళ్లు తోట గట్టుదాకా పరుగెత్తారు. సంచిలోంచి ముందు ముక్కు, ఆ వెనకే నోరు బయటికొచ్చి, చేపను కరకరా నమిలేశాయి.

"ఏట్రా, నువ్వు సచ్చిపోనేదా? నా నడుం పడిపోయేలా తవ్వించావు కదరా!" అని నాన్న వాణ్ణి తిడుతూనే ఎత్తుకున్నారు. గట్టు మీదివాళ్లు విరగబడి నవ్వారు.

తవ్విన గొయ్యి వదలడమెందుకని అందులో కొబ్బరిమొక్క నాటాం. భీముడు మరో ఏడాది దాని పక్కనే పడుకున్నాడు. నిజంగా పోయిన రోజు అక్కడే ఇంకో గొయ్యి తవ్వాం. అమ్మ మళ్లీ చేప కాల్చి పెట్టింది. పార పక్కన పెట్టి, ఎండ నెత్తికెక్కేదాకా అందరం ఆ సంచినే చూస్తూ కూర్చున్నాం.

ఇప్పటికీ ఇంట్లో ఎండుచేప కాలిస్తే, నేను ఒకసారి తోటవైపు చూస్తాను.