ముందు పాప సంగతి

మా పాప నెలలు నిండకముందే పుట్టింది. తనంతట తాను ఊపిరి తీసుకోలేక, పసిపిల్లల వార్డులో గొట్టం పెట్టించుకొని అద్దాల పెట్టెలో పడుకుంది. ఆపరేషనయిన నా భార్య ఇంకా మంచం దిగలేదు. వార్డు బయట కూర్చొని కనబడ్డవాళ్ళందరితో కొట్లాడుతున్నానని మా అమ్మ నన్ను డ్యూటీకి తరిమింది. నాకు ముక్కు మీదే కోపం, దాచేదేముంది!

నిప్పురవ్వల భయానికి బొగ్గుబాయిలోకి సెల్‌ఫోను పోనివ్వరు. వార్డు సిస్టరు ఎన్నిసార్లు చేసినా నా ఫోను పైన సంచిలోనే మోగింది. ఆమె ఊరుకోలేదు. బాయి ఆఫీసు నంబరు కనుక్కొని మరీ కబురు పెట్టింది. అది బాయి లోపలి ఫోనుకు చేరేసరికి ఒక్క ముక్కే మిగిలింది. "దవాఖాన నుంచి ఫోనొచ్చింది, జల్ది పైకి రమ్మను."

షిఫ్టు నడుమ పేరు పెట్టి పైకి పిలిచారంటే మా దగ్గర ఒకటే అర్థం, ఇంట్లో ఎవరో పోయారని. ఆ మాట ఎవరూ నోటితో అనరు. మాలో పెద్దాయన నా చేతిలోని పార తీసుకొని, "నడు తమ్మీ" అన్నాడు. ఆయనా, ఇంకో ముగ్గురూ నా వెంటే వచ్చారు. బొగ్గు మొహాలతోనే వార్డు ముందు నిలబడ్డాం.

సిస్టరు బయటికొచ్చి బిత్తరపోయింది. "గింతమంది ఏందన్నా? పాపకు గొట్టం తీసేసినం, సొంతంగ ఊపిరి తీస్తున్నది. అక్క ఇంకా లేస్తలేదు గద, ఒంటి వెచ్చదనం తగలాలని పాపను నీ ఛాతీ మీద పండవెడ్దమని పిలిచిన."

సంతోషించాల్సింది పోయి ఇంతెత్తున లేచాను. "గా మాట ముందుగాల చెప్పరాదా? పాప పోయిందనుకొని వచ్చిన!"

ఆమె మా బాయి పద్ధతేమిటో పెద్దాయనను అడిగి తెలుసుకుంది. "ఇగ నుంచి ఎవ్వరికి ఫోన్ చేసినా ముందు బిడ్డ ఎట్లున్నదో చెప్తం. తక్కిన ముచ్చట తర్వాత," అంది. తోటి సిస్టర్లకూ అక్కడే చెప్పింది. నా కోపం నీరుగారిపోయింది.

స్నానం చేసి వచ్చాక పాపను నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టింది. పిట్టంత ఉంది. కాసేపటికి పాప కాలికి వైరుతో తగిలించిన మిషను కూత పెట్టింది. బాయిలో అలాంటి కూత వింటే పరుగెత్తడమే నేర్చుకున్నవాణ్ణి. పాపను పట్టుకొని బిగుసుకుపోయాను.

సిస్టరు మిషను కంటే ముందు పాపను చూసింది. "బిడ్డ మంచిగున్నదన్నా," అంది. ఆ తర్వాతే, "కాలి వైరు జారింది," అంటూ సరిచేసింది.

ఏడ్చేశాను. ఆమెకు దండం పెడదామంటే నా రెండు చేతులూ పాప మీదే ఉన్నాయి.